క్లారినెట్టుపై గమకము

18వ శతాబ్ది ఆరంభమున న్యూరంబర్గులో డెన్నర్ రూపుదిద్దిన క్లారినెట్టు విడివిడి స్వరములను స్వచ్ఛముగా పలుకుటకు పుట్టినది. కర్ణాటక సంగీతమునకు రెండు స్వరముల నడుమ దారియే ప్రాణము. తోడి గాంధారము ఊగక నిలిచినచో తోడి కాదు.

నాగస్వరమునకు మీటలు లేవు. వేలు రంధ్రమును సగము మూసినంతనే స్వరము జారును. క్లారినెట్టున మీటలు మూసెడి రంధ్రములపై ఈ ఉపాయము చెల్లదు. అందుచే భారము క్రింది పెదవిపైన, నాలుకపైన, గొంతుపైన పడును. రీడుపై పెదవి పట్టు కొంత సడలిన స్వరము దిగును. మరింత సడలిన నాదమే చెదరును. మరియొక చిక్కు కలదు. వేణువు పైస్థాయిలో అదే స్వరమునకు ఎగయును; క్లారినెట్టు షడ్జమమునుండి పైస్థాయి పంచమమునకు ఎగయును. కావున ఒక స్థాయిలో నేర్చిన వ్రేళ్ల నడకను మరియొక స్థాయిలో మరల నేర్వవలెను.

ఈ చిక్కులను వాద్యాభ్యాసము ఒక్కటియే తీర్పజాలదు. 2008లో సంగీత కళానిధి బిరుదు పొందిన తిరుచిరాపల్లి విద్వాంసుడు ఏ.కే.సీ. నటరాజన్ గాత్రమును, నాగస్వరమును కూడ గురుముఖమున అభ్యసించిరి. ఆయన వాదనమున వినబడునది ఆ గాత్రమే. అది లేక పెదవి మాత్రమే కదల్చు విద్యార్థికి వణకు వచ్చును గాని గమకము రాదు. జారుట చేతి నేర్పు. ఎచ్చట జారవలెనో, ఎచ్చట నిలువవలెనో ఎరుగుట విద్య. ఆ ఎరుక పాడిన గొంతునుండియే వాద్యమునకు దిగవలెను.