నెంబరు పడిన చీటీలు

కోర్టులో ఎంత చిన్న పిటిషన్ వేసినా దానికో నెంబరు పడుతుంది. లోపాలుంటే ఆబ్జెక్షన్ రాసి వెనక్కిస్తారు, సరిచేసి మళ్లీ వేసుకోవచ్చు. చివరికి ఒక ఆర్డరు వస్తుంది, అందులో కారణం ఉంటుంది. నలభై ఏళ్లుగా ఆ నెంబర్లతోనే బతుకుతున్నవాణ్ణి. అయినా మా బార్ అసోసియేషన్‌లో జూనియర్ల మాటకు నెంబరూ లేదు, ఆర్డరూ లేదు అన్న సంగతి నాకు తట్టనే లేదు. ఈ చిన్న పుస్తకం చదివాకే తట్టింది. ముందుమాట కోసం వాళ్లు ఇంటికొస్తే, "నన్ను తిట్టిన పుస్తకానికి నేనే పీఠిక రాయాలా?" అన్నాను. ఎందుకన్నానో చివర చెబుతాను.

సలహాల పెట్టె మాకు కొత్త కాదు. పాతది ఒకటి బార్ హాలు గుమ్మం పక్కన ఉండేది. దాని తాళంచెవి ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. జూనియర్లు కొత్త పెట్టె అడిగినప్పుడు దానితోపాటు ఒక రిజిస్టరు కూడా అడిగారు. పేరు లేకుండా ఎవరైనా చీటీ వేయవచ్చు. నెలకోసారి పెట్టె తెరవాలి. ప్రతి చీటీకి నెంబరు వేయాలి. కమిటీ ఏం నిర్ణయించిందో, ఎందుకు నిర్ణయించిందో ఎదురు గడిలో రాయాలి. రిజిస్టరు అందరికీ అందేలా బల్ల మీద ఉండాలి. మొదట్లో చీటీలు పెద్దగా పడలేదు. జవాబులు కనబడ్డాకే పెట్టె బరువెక్కింది. కుర్రవాళ్లు నోరు విప్పకపోతే భయమనుకుంటాం. చెప్పి ఏం లాభమన్న విసుగే ఎక్కువని ఆ రిజిస్టరు తేల్చింది.

నాకా విసుగు తెలియనిది కాదు. చేరిన కొత్తలో జనరల్ బాడీలో లేచి, సాయంత్రం లైబ్రరీ తాళం మాకూ ఇవ్వండి అన్నాను. "నల్లకోటు వేసుకుని ఎన్నాళ్లయిందయ్యా?" అన్నారొక పెద్దాయన. హాలంతా నవ్వింది. ఆ తరవాత చాలా ఏళ్లు నేను ఏ మీటింగులోనూ లేవలేదు. పెద్దవాణ్ణయ్యాక ఆ నవ్వులో నేనూ గొంతు కలిపాను. ఇది మరీ సిగ్గుచేటు.

ఆ రిజిస్టరులోని చీటీలూ జవాబులే ఈ పుస్తకం. ఇందులోని ఒక చీటీ ఒక్క వాక్యం: "ఆడవాళ్ల గదికి లోపల గడియ లేదు." గడియకు ఎంతవుతుంది? మా కమిటీల్లో ఎవరికీ ఆ అవసరం రాలేదు కనుక ఎవరికీ కనబడలేదు. ఇంకో చీటీ బేరం పెట్టింది: ఇ-ఫైలింగ్ మేం నేర్పుతాం, శనివారం ఒక గంట క్రాస్ ఎగ్జామినేషన్ మీరు నేర్పండి. 2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాక, హత్య కేసంటే సెక్షన్ 302 అనడానికి అలవాటుపడ్డ మా నోళ్లు 103 దగ్గర తడబడ్డాయి. సరిదిద్దింది జూనియర్లే. ఆ శనివారాల్లో బాగుపడింది మేమే.

అన్నీ ఒప్పుకున్నవే కావు. జూనియర్‌కు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు తగ్గకుండా ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సిఫార్సు చేసింది. దాన్ని ఇక్కడ అమలు చేయమని ఒక చీటీ. అది సిఫార్సే, సీనియర్ల ఆఫీసుల మీద అసోసియేషన్‌కు ఆ అధికారం లేదు అని కమిటీ కొట్టేసింది. అయితే మూడేళ్లపాటు జూనియర్ల చందా సగానికి తగ్గించింది. కారణం రాసి కొట్టేస్తే వకీలుకు కోపం రాదు. మళ్లీ ఎలా అడగాలో ఆలోచిస్తాడు.

ఈ పుస్తకంలో నాకు కనబడిన లోటు ఒకటుంది. చీటీలు వేసినవాళ్లంతా ఇక్కడ మిగిలినవాళ్లు. కోటు మడిచిపెట్టి కంపెనీ ఉద్యోగాలకు వెళ్లిపోయినవాళ్లను ఎవరూ అడగలేదు. అసలు సాక్షులు వాళ్లే. సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది కనుక, ఇకపై ఆ పరీక్ష మీద ఆశ ఉన్నవాళ్లూ మూడేళ్లు మన మధ్యే ఉంటారు. ఆ మూడేళ్లూ వాయిదాలు అడగడానికేనా, ఇంకేమైనా నేర్పామా అని వాళ్లు వెళ్లేరోజున అడిగి, రెండో ముద్రణలో చేర్చాలి.

ఇక నా సంగతి. "ఫ్యాను కింద, కిటికీ పక్క కుర్చీ ఒక్క పెద్దాయనకే ఎందుకు? ఆయన పదకొండున్నరకు గానీ రారు." ఆ చీటీ ఎదుటి గడి ఖాళీగా ఉంది. కమిటీవాళ్లకు మొహమాటం. నేనే పెన్ను తీసి, "కుర్చీ ఎవరి సొత్తూ కాదు. అలవ్డ్" అని రాసి సంతకం పెట్టాను.

మొన్న వెళ్లేసరికి ఆ కుర్చీలో ఒక అమ్మాయి కేసు కట్ట ముందేసుకుని నోట్సు రాసుకుంటోంది. నన్ను చూసి లేవబోయి, ఆగి, కూర్చునే నమస్కారం పెట్టింది. ఆర్డరు అమలైందని రిజిస్టరులో రాయించాను.

ఆశీస్సులతో,
ఒక పాత ప్లీడరు