కీ మీద మారే అక్షరం

మామూలు కీబోర్డులో ఒక కీ చేసే పనులు అనేకం, దాని మీద అచ్చయిన గుర్తు మాత్రం మారదు. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో తెలుగు టైపు చేస్తే ఇంగ్లిష్ ‘కె’ ఉన్న చోట ‘క’ పడుతుంది, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే ‘ఖ’. ‘డి’ నొక్కితే పొల్లు. ఇవన్నీ కంఠతా రావాలి, లేదంటే కీల మీద స్టిక్కర్లు అంటించుకోవాలి. ప్రతి కీలోనూ చిన్న తెర ఉంటే, భాష మార్చగానే అక్షరాలూ మారిపోతాయి.

మాస్కోలోని ఆర్టెమీ లెబెదేవ్ స్టూడియో 2005లో ఇలాంటి కీబోర్డు ఊహాచిత్రాలు విడుదల చేసింది. ముందుగా 2006లో మూడే కీలున్న ‘ఆప్టిమస్ మినీ త్రీ’ వచ్చింది. పూర్తి కీబోర్డు ‘ఆప్టిమస్ మాక్సిమస్’ 2008లో కొనుగోలుదారులకు చేరింది. 113 కీలు, ఒక్కో దానికి 48×48 చుక్కల రంగుల ఓలెడ్ తెర, అప్పటి ధర సుమారు 1,500 డాలర్లు. ఫొటోషాప్ తెరిస్తే కీల మీద పనిముట్ల బొమ్మలు, ఆట మొదలుపెడితే ఆయుధాలు కనిపించేలా అమర్చుకోవచ్చు.

అసలు కష్టం వేలి కిందే ఉంది. తెర కూడా కీతో పాటు లక్షలసార్లు కిందికీ పైకీ కదిలితే దాని తీగలు ఎంతో కాలం నిలవవు. అందుకే ఇందులో తెరను కదలకుండా బిగించి, పైనున్న పారదర్శకమైన మూత మాత్రమే కదిలేలా చేశారు. బొమ్మ చక్కగా వచ్చింది కానీ, కీలు గట్టిగా నొక్కాల్సి వస్తోందని వాడి చూసినవారు చెప్పారు. రోజంతా టైపు చేసేవారికి ఇది చిన్న లోపం కాదు. పైగా చేయి తిరిగినవారు కీలవైపు చూడనే చూడరు.

2017లో ఎల్గాటో సంస్థ తెచ్చిన ‘స్ట్రీమ్ డెక్’ ఈ చిక్కును తెలివిగా దాటింది. అందులో 15 కీలే ఉన్నాయి, వాటన్నిటి అడుగున ఒకే ఎల్‌సీడీ తెర. అక్షరాలను మామూలు కీబోర్డుకే వదిలేసి, కెమెరా మార్చడం, మైకు ఆపడం వంటి పనులను తీసుకుంది. చూసి నొక్కాల్సినవి ఇలాంటివే. ఆపిల్ 2016లో ల్యాప్‌టాప్‌లలో పెట్టిన టచ్ బార్ బొమ్మలు మార్చేది గానీ వేలికి తగిలే కీ కాదు; 2021 నాటి పెద్ద మ్యాక్‌బుక్ ప్రోలలో మళ్లీ మామూలు కీలే వచ్చాయి.

తెలుగుకు మాత్రం అక్షరాల కీల మీదే తెరలు కావాలి. ‘క’ నొక్కగానే అచ్చుల కీల మీద కా, కి, కీ, కు అంటూ గుణింతం వెలిగితే, కొత్తగా నేర్చుకునేవారికి ఏ గుర్తు ఎక్కడుందో వెతుక్కునే అవస్థ తప్పుతుంది. కొన్ని ఫోన్ కీబోర్డులు ఈ పని ఇప్పటికే చేస్తున్నాయి. కానీ వాటి అద్దం మీద కీ అంచు వేలికి తెలియదు. కదిలే కీల మీద తెలుస్తుంది.