గడగడా చదివితే చదువొచ్చినట్టేనా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల తండాల పిల్లల చదువు గురించి రెండు మాటలు తరచుగా వింటుంటాం. "పిల్లోడు గడగడా చదువుతాడు" అనేది మొదటిది. "చదువుతాడు గానీ తలకెక్కదు, మొద్దు" అనేది రెండోది. ఆ మెప్పూ, ఈ తిట్టూ ఒకే పొరపాటు నుంచి పుట్టాయని మేము అంటున్నాం. అక్షరాలను పలకడమే చదవడం అనుకోవడం ఆ పొరపాటు.

ఒక వాక్యం చూడండి: "తింగడు బొల్లం మీద కుసికాడు." ఇందులోని మాటలు మేము కల్పించినవి, వాటికి అర్థం లేదు. అయినా "తింగడు ఎక్కడ కుసికాడు?" అని అడిగితే "బొల్లం మీద" అని ఎవరైనా చెప్పేస్తారు. మార్కు కూడా పడుతుంది. పాఠం కింద ఇలాంటి ప్రశ్నలే అడిగి ఊరుకుంటే బిడ్డకు ఏం అర్థమైందో ఎన్నటికీ తెలియదు. "ఎందుకు కుసికాడు?" అని అడిగితే అప్పుడు తెలుస్తుంది.

గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో ఒక సులువైన లెక్క చెప్పారు. అక్షరాలను గుర్తుపట్టి పలికే శక్తిని, ఆ భాషను విని అర్థం చేసుకునే శక్తితో గుణిస్తే వచ్చేది చదివి అర్థం చేసుకోవడం. ఇది కూడిక కాదు, గుణకారం. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నానే. మన బడుల్లో గుణింతాలు, ఒత్తుల మీద పెట్టే శ్రమ మొదటి అంకెను పెంచుతుంది. రెండో అంకె సంగతి ఎవరు చూస్తున్నారు?

సుగాలి బిడ్డ ఇంట్లో మాట్లాడేది గోర్‌బోలి. అది ఉత్తరాది భాషల కుటుంబానికి చెందింది. ఎరుకల వాళ్ల కుర్రు భాష తమిళానికి దగ్గరది. తెలుగు ఈ రెండింటికీ వేరు. ఇంకో చిక్కు కూడా ఉంది. గోర్‌బోలిలో "యాడి" అంటే అమ్మ. ఊళ్లో తెలుగువాళ్లు "యాడికి పోతావ్?" అంటే ఎక్కడికి అని. పుస్తకంలోనేమో "ఎక్కడికి వెళ్తున్నావు?" అని ఉంటుంది. సీమలో చెనిక్కాయ అనేది పుస్తకంలో వేరుశనగ అవుతుంది. సీమ తెలుగు పిల్లలు ఒక మెట్టు ఎక్కితే చాలు. తండా పిల్లలు రెండు మెట్లు ఎక్కాలి. మడకశిర వైపు పోతే కన్నడం కూడా చెవిన పడుతుంది.

మాటల అర్థాలు చెబితే సరిపోతుందా? సరిపోదు. "వాన పడితే చేను పచ్చబడుతుంది", "వాన పడినా చేను పచ్చబడలేదు" అనే వాక్యాలు చూడండి. వాన, చేను, పచ్చ తెలిసినా "పడితే", "పడినా" మధ్య తేడా చెవికి పట్టకపోతే రెండో వాక్యంలోని రైతు బాధ అందదు. ఆ తేడా పుస్తకం తెరవకముందే మాటల్లో, కథల్లో విని ఉండాలి.

ఇది కొత్త కోరికేమీ కాదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కోయ, గోండి, బంజారా వంటి 8 గిరిజన భాషల్లో బోధన మొదలైంది. ఆ పుస్తకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి. కానీ ఆ ప్రయత్నం ప్రధానంగా ఏజెన్సీ ప్రాంతాల చుట్టూ నడిచింది. మైదానపు తండాల పిల్లలకు తెలుగు వచ్చులే అనుకోవడం తేలిక. అంగట్లో బేరమాడే తెలుగు వేరు, పాఠం అర్థం చేసుకునే తెలుగు వేరు.

"ఇంగ్లీషు కావాలి గానీ గోర్‌బోలి ఎందుకు?" అని తల్లిదండ్రులే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తెలుగూ, ఇంగ్లీషూ రెండూ బాగా రావాలనే మేమూ కోరుతున్నాం. అయితే ఇంటి భాషలో కథ విని, కారణం చెప్పి, తర్వాత ఏం జరుగుతుందో ఊహించే అలవాటు పడిన బిడ్డ అదే నేర్పును మిగతా భాషల్లోకి తీసుకుపోతుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోట కనీసం 5వ తరగతి దాకా ఇంటి భాషలో బోధించాలనే చెప్పింది.

ఉపాధ్యాయులకు మా మనవి ఇది. పాఠం తెరవకముందు దాని కథను తండా పెద్దతోనో, పై తరగతి పిల్లలతోనో గోర్‌బోలిలో చెప్పించండి. తర్వాత మీరు తెలుగులో చెప్పండి. ఆ తర్వాతే చదివించండి. "ఎందుకు?" అని అడగండి. జవాబు ఇంటి భాషలో వచ్చినా ఒప్పుకోండి, అదే జవాబును తెలుగులో ఎలా అనాలో అప్పుడు నేర్పండి. సార్‌కు గోర్‌బోలి రాకపోతే పిల్లలే నేర్పుతారు.

తండా యువతకూ పని ఉంది. అవ్వలు చెప్పే కథలు, పొడుపు కథలు, హోళీ నాటి లెంగీ పాటలు తెలుగు లిపిలో రాసి, పక్కనే తెలుగు అర్థం పెట్టండి. ఇరవై పేజీల నోటుబుక్కు చాలు, ఒక తరగతికి సరిపోతుంది.

మొద్దు అనిపించుకున్న బిడ్డ కొన్నాళ్లకు ఆ మాట నిజమేననుకుంటుంది. ఆపైన బడి మానేసి, అమ్మానాన్నల వెంట బెంగళూరు పనులకు రైలెక్కుతుంది. ఆ బిడ్డకు అర్థం కానిది పాఠమా, పాఠం రాసిన భాషా అని బడిలో ఉండగానే ఎవరో ఒకరు కనుక్కోవాలి.