ఏడు సంవత్సరములు, ఏడు దినములు

నవలను చదువునప్పుడు కాలమును తెలుపు ప్రతి అంకె క్రిందను పెన్సిలుతో చిన్న గీత గీయుట నాకు చిరకాలముగా నున్న అలవాటు; కథ మరపునబడిన పిదపనైనను ఆ గీతల వెంట మరల నడచినచో, రచయిత కాలమును ఏ తూనికరాళ్లతో తూచినాడో తెలియవచ్చును. రష్యన్ రచయిత దొస్తయేవ్‌స్కీ నవలలలో ఈ గీతలను పోగుచేసికొనుచు, వాటిలో పెక్కింటికి మూలము బైబిలునందున్నదని గ్రహించిన నాటినుండి ఆ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన తెరచియుంచుకొనియే చదువుచున్నాను.

మొదట ఎదురైన చిక్కు మన తెలుగు బైబిలులోనిదే. 'ఇడియట్' నవలలో మూర్ఛరోగియైన మిష్కిన్, మూర్ఛ క్రమ్ముటకు ముందటి వెలుగును వర్ణించుచు, ఇక కాలముండదను దేవదూత ప్రమాణము తనకు అప్పుడు బోధపడునట్లుండునని చెప్పును. ఆ ప్రమాణము ప్రకటన గ్రంథము 10వ అధ్యాయమున కలదు. కాని మన అనువాదమున అచ్చట 'కాలము' కానరాదు, 'ఆలస్యము' కానవచ్చును. సందర్భమును బట్టి మనవారి అర్థమే యుక్తమని ఒప్పుకొందును. అయినను గ్రీకు మూలమందలి పదము కాలవాచకమే; రష్యన్ బైబిలు దానిని అట్లే నిలుపుకొనుటచేత ఆ దేశపు నవలకు ఒక మహాద్వారము తెరచుకొన్నది. 'ఆలస్యము' అని చదివిన రచయితకు, 'దయ్యములు' నవలలో కిరీలోవ్ తన ఆనందక్షణమున గడియారమును ఆపివేయు ఘట్టము తట్టియుండునా?

ఇది పుస్తకములనుండి మాత్రమే పుట్టిన చింత కాదు. పాత రష్యన్ పంచాంగము ననుసరించి 1849 డిసెంబరు 22న, పీటర్స్‌బర్గ్‌లోని సెమ్యోనొవ్‌స్కీ మైదానమున మరణశిక్ష విని, తుపాకులయెదుట తన వంతుకై నిలిచి, చివరి నిమిషమున జారు ఉత్తరువుచే బ్రదికిన 28 ఏండ్ల యువకుడు దొస్తయేవ్‌స్కీ. ఖైదీగా సైబీరియాకు పోవుచుండగా తొబోల్‌స్క్‌లో, అంతకు పూర్వము అచ్చటికి ప్రవాసము పంపబడిన విప్లవకారుల భార్యలు చేతబెట్టిన కొత్తనిబంధన ప్రతిని, ఓమ్‌స్క్ కారాగారమున నాలుగేండ్లు తలగడక్రింద దాచుకొన్నాడు. ఆ ప్రతిలో అతడు గోటితో నొక్కిన గుర్తులు నేటికిని నిలిచియున్నవి. నా పెన్సిలు గీతలను చూచుకొన్నప్పుడెల్ల అవి జ్ఞప్తికి వచ్చి మనస్సు ఆర్ద్రమగును.

1866లో వెలువడిన 'నేరము–శిక్ష'లో స్విద్రిగైలోవ్, శాశ్వతత్వమనగా మూలమూలలను సాలెపురుగులు నిండి, పొగచూరిన పల్లెటూరి స్నానపుగదివంటిదైనచో ఏమని యడుగును. అంతులేని కాలము ప్రేమలేనిచో ఎట్లుండునో అంతకన్న భయంకరముగా చెప్పినవారిని నేనెరుగను. దానికి ప్రత్యుత్తరము వాదమున లేదు, అంకెలలో కలదు. సమాధిలో నాలుగు దినములున్న లాజరు కథను సోన్యా, కథానాయకుడైన రస్కోల్నికోవ్‌కు చదివి వినిపించుచు ఆ 'నాలుగు' అను మాటను ఒత్తి పలుకును. నవల చివర, హత్యకు పడిన ఎనిమిదేండ్ల శిక్షలో ఏడేండ్లు మిగిలియుండగా, అబ్రాహాము నాటి కాలము అచ్చటనే ఆగియున్నట్లు తోచు నదీతీరమున కూర్చున్న రస్కోల్నికోవ్‌కును సోన్యాకును, ఆ ఏడేండ్లు ఒక్కొక్కవేళ ఏడు దినములవలె కానవచ్చును.

ఆదికాండము 29వ అధ్యాయమున రాహేలుపైగల ప్రేమచేత యాకోబునకు ఏడేండ్ల కొలువు కొద్దిదినములుగా తోచిన సంగతిని ఎరుగనివారికి ఈ వాక్యము తీపిమాట మాత్రమే. ఎరిగినవారు తరువాతి వచనములను కూడ చదువవలెను. ఏలయన, నవజీవితము ఊరక లభింపదని, దానికి గొప్ప మూల్యము చెల్లింపవలెనని దొస్తయేవ్‌స్కీ వెంటనే హెచ్చరించుచున్నాడు. ఆ వచనములు చెప్పునదియు అదే: రాహేలు తండ్రియైన లాబాను మోసముచేత యాకోబు రాహేలు కొరకు చేసిన కొలువు మొత్తము 14 ఏండ్లు.