రంగుకు ముందు ఒక రోజు

జుట్టుకు రంగు ఇంట్లో వేసుకోవాలా, పార్లర్‌కు వెళ్లాలా అన్న ప్రశ్నకు నా జవాబు ఇంట్లోనే అని. డబ్బు కలిసొస్తుందని ఈ మాట అనడం లేదు. ఈ పనికి బ్రష్షు కంటే, చేతి నైపుణ్యం కంటే ముందు కావలసింది వ్యవధి. చెవి వెనక ఒక చుక్క రాసుకుని, ఒకటి రెండు రోజులు ఆగి, చర్మం ఏమంటుందో చూసే వీలు పార్లర్ కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఉండదు, ఇంట్లో ఉంటుంది. విచారమేమిటంటే ఇంట్లో వేసుకునేవాళ్లలో చాలామంది ఆ వీలును వాడుకోరు. తెల్లవారితే పెళ్లికి బయలుదేరాలనగా రాత్రి భోజనాలయ్యాక ప్యాకెట్ చింపుతారు. గిన్నెలో కలిపి, అద్దం ముందు నిలబడి, అరగంటలో ముగిస్తారు. రంగు వేయడం అరగంట పనే కావచ్చు. రంగు వేసుకోవడం మాత్రం రెండు రోజుల పని.

నల్లగా, నిలకడగా ఉండే రంగుల్లో ఎక్కువ వాటికి మూలం పారాఫినలీన్‌డయమీన్ అనే రసాయనం. క్లుప్తంగా పీపీడీ అంటారు. అది దానంతటది నల్లరంగు కాదు, చాలా చిన్న అణువు. క్రీములోని అమ్మోనియా వెంట్రుక పైపొలుసులను విప్పుతుంది, ఆ సందుల్లోంచి పీపీడీ లోపలికి దూరుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ తగలగానే ఆ చిన్న అణువులు ఒకదానితో ఒకటి కలిసి, వచ్చిన దారిన తిరిగి పోలేనంత పెద్ద రంగు అణువులవుతాయి. ఎన్నిసార్లు తలంటుకున్నా రంగు దిగకపోవడానికి కారణం అదే. నీళ్లు కలిపితే చాలనే పొడి ప్యాకెట్లలో కూడా జరిగేది ఇదే, పెరాక్సైడ్ చేసే పనిని చేసే పదార్థం పొడిలోనే ఉంటుంది. ప్యారిస్‌లో యూజీన్ షుల్లర్ 1907లో తాను తయారుచేసిన జుట్టు రంగును సెలూన్లకు అమ్మడం మొదలుపెట్టారు. 1909లో ఆయన పెట్టిన సంస్థే నేటి లోరియల్. అప్పటినుంచి నూరేళ్లు దాటినా, నల్లరంగు విషయంలో పరిశ్రమ పీపీడీనీ దాని దగ్గరి చుట్టాలనూ వదిలి ఎక్కువ దూరం పోలేకపోయింది. ఎందుకంటే ఇంత బాగా పనిచేసేవి మరేవీ లేవు. చిక్కు కూడా ఆ గుణంలోనే ఉంది. వెంట్రుకలోకి దూరగలిగినంత చిన్నది చర్మంలోకి కూడా దూరుతుంది. కొందరి శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. అమెరికా చర్మవైద్యుల సంఘం ఒకటి 2006 సంవత్సరపు ప్రధాన అలర్జీ కారకంగా ఎంచింది పీపీడీనే.

ఇక్కడ వెంటనే వచ్చే మాట ఒకటుంది: పదేళ్లుగా ఇదే కంపెనీ రంగు వేసుకుంటున్నాం, ఏమీ కాలేదు కదా అని. ఈ ధీమాకు ఆధారం లేదు. ఈ అలర్జీ పుట్టుకతో రాదు, వాడగా వాడగా వస్తుంది. తొమ్మిదిసార్లు ఊరుకున్న శరీరం పదోసారి తిరగబడవచ్చు. పైగా అది వెంటనే బయటపడదు, సాధారణంగా ఒకటి రెండు రోజుల తర్వాత తెలుస్తుంది. మాడు దురద, చెవుల చుట్టూ ఎర్రదనం, పొక్కులు, రసి కారడం, కళ్లు తెరవలేనంతగా రెప్పల వాపు. తలకు రాసింది కళ్లను ఎందుకు వాపిస్తుందని ఆశ్చర్యపోతారు గానీ, రెప్పల చర్మం పలచన, వాపు అక్కడ త్వరగా కనిపిస్తుంది. మరికొందరికి వాపేమీ లేకుండానే నుదుటి అంచు నెమ్మదిగా నల్లబడుతుంది, దాన్ని ఎండకు వచ్చిన నలుపనుకుని క్రీములు రాస్తారు. కాబట్టి పది నిమిషాలు చేతికి రాసి చూసి బాగానే ఉందనుకోవడం పరీక్ష కాదు.

మన దేశంలో జుట్టు రంగుల ప్యాకెట్ మీద హెచ్చరిక, లోపల పరీక్ష చేసే పద్ధతి ఇంగ్లిషులోనూ స్థానిక భాషల్లోనూ ఉండాలని సౌందర్య సాధనాల నియమాల్లో ఉంది. చెవి వెనకో, ముంజేతి లోపలివైపో కొంచెం చోటు సబ్బుతో కడిగి, తలకు వాడబోయే మిశ్రమాన్నే కొద్దిగా రాసి ఆరనిచ్చి, 24 గంటల తర్వాత కడిగి చూడాలన్నది ఆ పద్ధతి. రంగు వేసుకునే ప్రతిసారీ చేయాలని కూడా అందులోనే ఉంది. అలర్జీ ఆలస్యంగా బయటపడే తీరును బట్టి 48 గంటలు ఆగడం ఇంకా మేలు. మొత్తం కలపనక్కర్లేదు, చెంచా అంచున పట్టేంత కలిపితే చాలు, మిగిలింది విడిగా ఉంచాలి. ఈ పరీక్షే కొత్తగా అలర్జీ పుట్టిస్తుందేమోనన్న సందేహం వైద్యుల్లోనే ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. కానీ రంగు ఎలాగూ వేసుకోబోతున్న మనిషికి చుక్క వల్ల వచ్చే ప్రమాదం, అదే రంగును తలంతా పట్టించడం వల్ల వచ్చేదాని కంటే చిన్నది. కనుబొమలకు, కనురెప్పల వెంట్రుకలకు అసలే వేయవద్దని, చూపు పోవచ్చని ఆ నియమమే చెబుతోంది. గిన్నెలో మిగిలిన రంగును కనుబొమలకు పూసే అలవాటు మన ఇళ్లలో ఎంత మామూలో అందరికీ తెలుసు.

అయితే ఈ గొడవంతా ఎందుకు, గోరింటాకు పెట్టుకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. పెట్టుకోవచ్చు, చాలామందికి అది మంచి దారే. కానీ గోరింటాకులోని లాసోన్ వెంట్రుక మాంసకృత్తులకు అంటుకుని తెల్ల జుట్టుకు నారింజ, ఎరుపు రంగు ఇస్తుంది తప్ప నలుపు ఇవ్వదు. నలుపు కావాలంటే గోరింటాకు కడిగాక నీలి ఆకు పొడి పట్టించాలి. ఒకప్పుడు బట్టల అద్దకానికి కడప ప్రాంతంలో పండించిన నీలిమందు మొక్కే ఇది. గోరింటాకు గంటలపాటు నానాలి, నీలి పొడిని కలిపిన కొద్దిసేపటికే వాడేయాలి. రెండూ కలిసి సగం రోజు తింటాయి. అందుకే గోరింటాకు బొమ్మ వేసి, ఒక్కసారి రాస్తే అరగంటలో నలుపు అని చెప్పే ప్యాకెట్ కనిపిస్తే వెనక్కి తిప్పి చూడాలి. ఆకు ఒక్కటే ఆ పని చేయలేదు, చేస్తోందంటే తరచుగా పీపీడీ అక్కడ ఉంటుంది. ‘అమ్మోనియా లేదు’ అన్న మాట కూడా అంతే. వాసన తగ్గుతుంది, అమ్మోనియా బదులు మరో క్షారం వాడతారు. పీపీడీ లేదని దానికి అర్థం కాదు. ముందువైపు పెద్ద అక్షరాలు అమ్మకం కోసం రాసినవి. చర్మానికి పనికొచ్చేవి వెనకవైపు చిన్న అక్షరాలే.

ఇంత భయపెడితే జనం అసలు రంగే మానేస్తారని ఒకరు అనవచ్చు. మానమని నేను చెప్పడం లేదు. నెరిసిన జుట్టును అలాగే ఉంచుకోవడం ఎంత హుందాగా ఉంటుందో, నల్లగా ఉంచుకోవాలనుకోవడమూ అంతే గౌరవించదగిన కోరిక. కేన్సర్ భయాన్ని కూడా ఉన్నంతలోనే ఉంచాలి. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2010లో ప్రచురించిన విశ్లేషణలో, ఏళ్ల తరబడి రంగుల మధ్య పనిచేసే సెలూన్ వృత్తివాళ్లకు కేన్సర్ ముప్పు ఉండవచ్చని తేల్చింది. సొంత జుట్టుకు వేసుకునేవాళ్ల విషయంలో నిర్ధారణకు సరిపడా ఆధారాలు లేవంది. అయినా రంగు వాడకాన్ని తగ్గించుకునే దారి ఉంది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. తెల్లగా కనిపించేది ఆ కొత్త మొదలే కనుక పాపిడి దగ్గర, కణతల దగ్గర మాత్రమే వేసుకుంటే వాడకం ఎంతో తగ్గుతుంది.

ఒక్కసారైనా రంగు వల్ల రెప్పలు వాచినా, మాడు పొక్కినా, కంపెనీ మార్చి చూద్దామనుకోకండి. కంపెనీ మారినా లోపలి రసాయనం చాలావరకు అదే. చర్మవైద్యుణ్ని కలవండి, ఏ మందు రాయించుకునేటప్పుడైనా ఈ అలర్జీ సంగతి చెప్పండి, ఎందుకంటే కొన్ని సల్ఫా మందులకూ, మత్తు పూతలకూ దీంతో సంబంధం ఉండవచ్చు. మిగిలిన ప్యాకెట్‌ను పిల్లలకు అందకుండా తాళంలో పెట్టండి, లోపలికి పోతే అది ప్రాణాంతకం కావచ్చు. వచ్చే ఆదివారం రంగు వేసుకోవాలనుకుంటే చెవి వెనక చుక్కను శుక్రవారమే పెట్టుకోండి.