దొంగాటకు లినక్సుపై నిషేధమా?

పలువురు కూడి ఇంటర్నెట్‌పై ఆడు ఆటలో ఒకడు దొంగాట ఆడినచో తక్కినవారి శ్రమ వృథా యగును. గోడచాటున నున్న ప్రత్యర్థిని సైతము చూపు దొంగ ప్రోగ్రాములు కలవు. వానిని పట్టుటకు కావలి ప్రోగ్రాములు పుట్టినవి.

'అపెక్స్ లెజెండ్స్' అను ఆటను 2022 మార్చి నుండి లినక్సుతో నడచు స్టీమ్ డెక్ యంత్రముపై ఆడుటకు వీలుండెను. 2024 అక్టోబరు 31న ప్రచురణకర్తలు దానిని లినక్సువారందరికిని మూసివేసిరి. దొంగాటగాండ్రకు లినక్సు అడ్డదారి యైనదని వారి వాదము.

ఇందులో కొంత నిజము కలదు. విండోసులో కావలి ప్రోగ్రాము కెర్నెల్ అను మూలభాగములోనికే చొచ్చి కాపలా కాయగలదు. లినక్సుపై ఈ ఆట కావలి 'ఈజీ యాంటీ చీట్' కెర్నెల్ వెలుపలనే నిలిచెను. పైగా లినక్సు కెర్నెల్‌ను నేర్పరి యెవడైనను మార్చుకొని, కావలికి అబద్ధము చెప్పింపగలడు.

అయినను విండోసులో దొంగాట ఆగినదా? ఆగలేదు. పరీక్షలో కాపీని ఆపుటకు విద్యార్థుల జేబులు వెదకుట ఒక మార్గము. జవాబులు ముందుగా బయటపడకుండ చూచుట మరొక మార్గము. 'వాలరాంట్' ఆట కెర్నెల్ కావలిని పెట్టుకొనియు, రెండవ మార్గమును విడువలేదు. చాటుననున్న ప్రత్యర్థి కనబడబోవు వరకు అతని ఉనికిని సర్వరు పంపదు. పంపని సమాచారమును ఏ దొంగ ప్రోగ్రామును చూపజాలదు.

గురి తప్పక కాల్పించు ప్రోగ్రాములను ఈ పద్ధతి ఆపదు, నిజమే. కాని దీనికి ఆటగాని కెర్నెల్‌ను నమ్మవలసిన పని లేదు. నిషేధమన్ననో, దొంగలతోపాటు నిజాయితీపరులను గూడ వెలివేసినది. ఆ మేరకు అది పరిష్కారము కాదు, తప్పించుకొనుట మాత్రమే.