రావెన్నా బంగారం

రావెన్నాలో అందమంతా గోడల లోపలి వైపే ఉంటుంది. గల్లా ప్లాసిడియా సమాధి మందిరాన్ని బయట నుంచి చూసినవాళ్ళు ఆగకుండా వెళ్ళిపోయినా ఆశ్చర్యం లేదు. సిలువ ఆకారంలో చిన్న ఇటుక కట్టడం, పైన పెంకుల కప్పు, గోడల మీద ఇటుకతోనే తీర్చిన ఉత్తుత్తి కమానులు, అంతే. తలుపు దాటి అడుగుపెడితే మొదట చీకటి. కిటికీలకు గాజుకు బదులు పల్చటి అలబాస్టర్ రాతి పలకలు బిగించారు. ఎండ వాటిలోంచి వడకట్టుకుని తేనె రంగులో దిగుతుంది. కళ్ళు ఆ వెలుతురుకు అలవాటు పడాలి. ఆ తరవాత తల ఎత్తితే నీలం. తొలికోడి కూయకముందు ఆకాశంలో ఉండే నీలం. ఆ నీలం నిండా అయిదు వందలకు పైగా బంగారు నక్షత్రాలు వలయాలు వలయాలుగా పరుచుకుని, నడిమధ్యనున్న బంగారు సిలువ వైపు పోయేకొద్దీ చిన్నవైపోతాయి. అలా చిన్నవవుతూ పోవడం వల్లే కప్పు ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు ఎత్తుగా తోస్తుంది.

నిజానికి ఆ కప్పు చాలా దగ్గర. రావెన్నా చిత్తడి నేల మీద లేచిన ఊరు. కట్టడాలు శతాబ్దాల తరబడి కుంగుతూ వచ్చాయి, లోపలి నేలను పైకి ఎత్తుతూ వచ్చారు. ఈ మందిరంలో నేల మొదట ఉన్నదానికన్నా దాదాపు మీటరున్నర పైకి లేచింది. 5వ శతాబ్దపు మనుషులకన్నా మనం ఆ ఆకాశానికి దాదాపు ఒక మనిషి ఎత్తు దగ్గరగా నిలబడతాం. అంత దగ్గరికి వచ్చినా ఆ ఆకాశం దూరం తగ్గదు, అదే నన్ను కట్టిపడేసింది.

బొలోన్యాలో చదువుకునే రోజుల్లో శని, ఆదివారాలు కలిసొస్తే రీజనల్ రైలెక్కి ఏదో ఒక ఊరు చూసి రావడం మాకు అలవాటు. గంటకు కాస్త పైచిలుకు ప్రయాణంలో రావెన్నా వచ్చేస్తుంది. నాతో వచ్చిన స్నేహితురాలిది గుంటూరు. పదార్థ రసాయనశాస్త్రం చదువుతోంది, గాజు అంటే ఆమెకు ప్రాణం. నాకు బొమ్మలంటే ప్రాణం. రద్దీ రోజుల్లో ఈ మందిరంలో ఎక్కువసేపు నిలవనివ్వరు గానీ, మేం వెళ్ళింది చలికాలం. జనం పల్చగా ఉన్నారు. మెడలు నొప్పెట్టేదాకా చూశాం.

గాజు కథ ఆమే చెప్పింది. గాజు పలక మీద పల్చటి బంగారు రేకు పరిచి, దాని మీద ఇంకా పల్చటి గాజు పొర వేసి కొలిమి వేడికి కలిపేస్తారు. రెండు గాజుల మధ్య చిక్కిన బంగారానికి గాలి తగలదు, చెయ్యి తగలదు. అందుకే ఇన్ని శతాబ్దాలయినా మాసిపోలేదు. ఆ పలకను చిన్న చిన్న పలుకులుగా కొట్టి, తడి సున్నపు గచ్చులో ఒక్కొక్కటిగా గుచ్చుతారు. ఆ గుచ్చడంలోనే ఉంది పనితనమంతా. పలుకులన్నీ ఒకే మట్టంగా కూర్చోవు. ఒకటి కాస్త ముందుకు వంగుతుంది, పక్కది వెనక్కి ఒరుగుతుంది. ప్రతి పలుకూ వెలుతురును ఒక్కో వైపుకు విసురుతుంది. పట్టుచీర మడత విప్పుతున్నప్పుడు జరీ ఒకచోట మెరిసి, అక్కడ ఆరి, ఇంకోచోట మెరుస్తుందే, ఈ కప్పు మెరుపూ అలాంటిదే. చీరైతే కదలాలి. ఇక్కడ మనం కదలాలి.

“ఇలా రావే, సిలువ పక్కన ఆ నక్షత్రం ఎలా మండుతోందో చూడు” అంది. నేనున్న చోటి నుంచి ఆ నక్షత్రం నల్లగా ఉంది. ఆమె పక్కకు వెళ్ళేసరికి అది వెలిగింది, ఇందాక నాకు వెలిగినవి ఆరాయి. చోట్లు మార్చుకుని చూశాం, మోకాళ్ళు వంచి చూశాం, గోడకు ఆనుకుని చూశాం. ఇద్దరం ఒకే కప్పు కింద ఉన్నాం, ఒక్క క్షణం కూడా ఒకే ఆకాశాన్ని చూడలేదు. రావెన్నా కళను గురించి నేను చెప్పదలచిన మాట ఇదే: ఇక్కడి పనివాళ్ళు చిత్రాన్ని గోడ మీద పూర్తి చేయలేదు. సగం పని చూసేవాళ్ళకు వదిలారు. వాళ్ళ అడుగుకు, తల తిప్పుకు, ఆ పూట ఎండకు చోటు పెట్టి మరీ వదిలారు.

తలుపు పైన, లోపలి వైపు, గొర్రెల మధ్య కూర్చున్న కాపరిగా క్రీస్తు కనిపిస్తాడు. గడ్డం లేని యువకుడు, ఒంటి మీద బంగారు వస్త్రం, చేతిలో బంగారు సిలువ. అటు మూడు, ఇటు మూడు గొర్రెలు. ఒక గొర్రె మూతి కింద ఆయన చెయ్యి. ఆ చెయ్యి ఒక వైపు చాచి ఉంది, చూపు ఇంకో వైపు ఉంది. చూడకుండానే తడిమి ఓదార్చే అలవాటు ఉన్నవాడి భంగిమ అది. విస్మయం మామూలుగా మనిషి గొంతు పెంచుతుంది. ఇక్కడ విస్మయంలోంచి శాంతం పుడుతుంది. అద్భుత, శాంత రసాలు ఇంత సహజంగా ఒకే గూటిలో ఒదిగిన చోటు నేను మరొకటి చూడలేదు. గల్లా ప్లాసిడియా జీవితంలో శాంతానికి చోటు తక్కువ. చక్రవర్తి థియొడోసియస్ కూతురు, రోమ్‌ను గోతు తెగ కొల్లగొట్టినప్పుడు బందీ, తరవాత గోతు రాజుకు భార్య, చివరికి పసివాడైన కొడుకు తరఫున సామ్రాజ్యాన్ని నడిపిన తల్లి. 450లో రోమ్‌లో చనిపోయింది. ఆమెను ఇక్కడ పాతిపెట్టలేదనే పండితుల అభిప్రాయం. అయినా ఈ ఆకాశం ఆమె పేరునే మోస్తోంది.

ఊరి చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. 402లో పడమటి రోమన్ చక్రవర్తి రాజధానిని మిలాన్ నుంచి ఇక్కడికి మార్చాడు. చుట్టూ ఉన్న చిత్తడే కోట. ఆ తరవాత గోతు రాజు థియొడోరిక్ ఏలాడు. 540లో ఊరు కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్న చక్రవర్తి జస్టీనియన్ సేనల వశమైంది. ఒకరి వెనక ఒకరు వచ్చిన ఏలికలందరూ గోడల మీద గాజుతోనే మాట్లాడారు. 1996లో ఇక్కడి ఎనిమిది కట్టడాలను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సమాధి మందిరానికి పక్కనే సాన్ విటాలే. 547లో ప్రతిష్ఠ జరిగిన ఎనిమిది మూలల గుడి. అక్కడ నా స్నేహితురాలు థియొడోరా ముందు నిలబడి ఇక కదల్లేదు. జస్టీనియన్ భార్య, ఎలుగుబంట్లను సాకేవాడి కూతురు, ఒకప్పటి నాటకశాల మనిషి. ఆమె గాని, భర్త గాని రావెన్నాలో కాలు పెట్టింది లేదు. గర్భగృహపు గోడల మీద మాత్రం ఎదురెదురుగా నిలిచి ఇప్పటికీ గుడికి కానుకలు తెస్తూనే ఉన్నారు. ఆయన చేతిలో బంగారు పళ్ళెం, ఆమె చేతిలో రత్నాల పాత్ర. జస్టీనియన్ పక్కన బిషప్ తల మీద మాత్రమే పేరు రాసి ఉంది, మాక్సిమియానుస్ అని. చక్రవర్తికి పేరు అక్కర్లేదు.

థియొడోరా ముఖాన్ని దగ్గరగా చూడాలి. చిన్న ముఖం, పెద్ద కళ్ళు, నిద్ర చాలని మనిషి కళ్ళ కింద ఉండే నీడ. ముఖానికి వాడిన పలుకులు బట్టలకు వాడినవాటికన్నా చిన్నవి, అందుకే చెంప మీద రంగు మెత్తగా మారుతుంది. కిరీటం నుంచి భుజాల దాకా జారే ముత్యాల పేటలు ఉన్నాయే, వాటిలో తెల్లటి బిళ్ళలు నిజమైన ముత్యపు చిప్పతో చేసినవి. గాజు మెరుపు వేరు, చిప్ప మెరుపు వేరు. గాజు విసురుతుంది, చిప్ప లోపలికి పీల్చుకుని మెల్లగా వదులుతుంది. ఆ తేడా నా స్నేహితురాలు చూపిస్తే గాని నాకు కనబడలేదు. కనబడ్డాక మిగతా బంగారమంతా ఆ పాలతెలుపు చుట్టూ తిరుగుతున్నట్టయింది. ఊదా రంగు అంగీ అంచు మీద ముగ్గురు జ్ఞానులు కానుకలు పట్టుకుని నడుస్తుంటారు. కానుక తెస్తున్న రాణి, ఆమె అంచు మీద కానుక తెస్తున్న రాజులు. ఆమె కదిలితే వాళ్ళూ నడుస్తారు.

సాయంత్రం కవి డాంటే సమాధి చూశాం. 1321లో ఆయన ఈ ఊళ్ళోనే కన్నుమూశాడు. ఆయన్ను వెళ్ళగొట్టిన ఫ్లోరెన్స్ ఇప్పుడు ఆ సమాధి దగ్గర వెలిగే దీపానికి నూనె పంపుతుంది. స్క్వాక్వెరోనే చీజు, రుకోలా ఆకు పెట్టిన వేడి వేడి పియదీనా తిని పడుకున్నాం.

మర్నాడు అరియన్ బాప్టిస్టరీలో ఒక ఖాళీ సింహాసనం ఎదురైంది. బాప్తిస్మం ఇవ్వడానికి కట్టిన, థియొడోరిక్ కాలపు చిన్న గది అది. కప్పు మధ్యలో నదిలో నిలిచిన క్రీస్తు, చుట్టూ అపోస్తలులు వరసగా నడుస్తూ ఆ సింహాసనం దగ్గరికి చేరతారు. దాని మీద మెత్త, ఊదా వస్త్రం, రత్నాల సిలువ. మనిషి లేడు. అమరావతి శిల్పాలు చూసినవాళ్ళకు ఈ దృశ్యం కొత్తది కాదు. అక్కడి తొలి ఫలకాల్లో బుద్ధుడి రూపం ఉండదు. చెట్టు కింద ఖాళీ ఆసనం, దాని ముందు పాదముద్రలు, చుట్టూ చేతులు జోడించిన జనం. కృష్ణ ఒడ్డున, ఏడ్రియాటిక్ ఒడ్డున, ఒకరి గురించి ఒకరికి తెలిసే అవకాశం లేని పనివాళ్ళు ఒకే సాహసం చేశారు. కూర్చోవలసినవాణ్ణి చూపకుండా, కూర్చునే చోటు చూపి ఊరుకున్నారు. ఆ లోటు పూడ్చేది భక్తుడి మనసే. స్నేహితురాలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, “అమరావతికి ఎన్నిసార్లు వెళ్ళినా ఆ ఆసనాన్ని సరిగ్గా చూడలేదే” అంది.

ఖాళీ అన్నది సాంత్ అపొల్లినారే నువోవోలో వేరే రసం అవుతుంది. థియొడోరిక్ తన కోసం కట్టించుకున్న గుడి అది. ఒక గోడ మొదట్లో ఆయన రాజప్రాసాదం చిత్రించి ఉంది, స్తంభాలు, కమానులు, మధ్యలో ‘పలాతియుం’ అన్న అక్షరాలు. ఒకప్పుడు ఆ కమానుల కింద రాజపరివారం నిలబడి ఉండేది. ఏలుబడి మారాక, గోతుల అరియన్ మతశాఖ జాడ మిగలకూడదని 6వ శతాబ్దంలో ఆ మనుషుల్ని పీకేసి వాళ్ళ చోట తెల్లటి తెరలు అతికారు. తెరలు అందంగా ఉన్నాయి, ముడి వేసి మధ్యలో వేలాడుతూ. తరవాత కంటికి ఇంకొకటి తగులుతుంది: స్తంభం మీద ఒక చెయ్యి. మనిషి పోయాడు, స్తంభం మీదికి చాచిన చెయ్యి పోలేదు. ఇంకో స్తంభం మీద ఇంకో చెయ్యి, మణికట్టు దాకానే. తీసినవాళ్ళు స్తంభం పాడవుతుందని వదిలేశారో, చెయ్యి ఆడలేదో. ఎవరివో తెలియని ఆ చేతులు చూస్తే నాకు గొంతు పట్టేసింది. కరుణరసానికి ముఖం ఉండాలంటారు. ఇక్కడ వేళ్ళు చాలాయి.

అదే గోడల మీద తరవాతి కాలపు ఊరేగింపులు. ఒక వైపు ఇరవై ఆరుగురు పురుషులు, ఎదుటి వైపు ఇరవై ఇద్దరు కన్యలు, ఒక్కొక్కరి మధ్య ఒక్కో ఖర్జూర చెట్టు. ఇందులో వైవిధ్యం వెతికేవాళ్ళకు ఆశాభంగమే. కన్యలందరిదీ ఒకే ఎత్తు, ఒకే తెల్ల మేలిముసుగు. వాళ్ళలో ఆగ్నెస్ అనే ఆమె పాదాల దగ్గర మాత్రం ఒక గొర్రెపిల్ల. ఈ పునరుక్తిని నేను గుణంగానే లెక్కిస్తాను. గుడి వెంట వాళ్ళతో పాటు మనమూ నడిస్తే, ఒకరి మీంచి ఒకరి మీదికి మెరుపు జరుగుతూ పోతుంది. తాళం ఒకటే, అందుకే అడుగు తప్పదు.

రైల్లో ఒక్క స్టేషను దూరంలో క్లాస్సే. 549లో ప్రతిష్ఠించిన సాంత్ అపొల్లినారే అక్కడ పొలాల మధ్య నిలిచి ఉంది. ఆ గుడి చివరి గోడ అంతా పచ్చ. పైన్ చెట్లు, బండలు, పువ్వులు, పిట్టలు, పన్నెండు గొర్రెలు, మధ్యలో చేతులెత్తి ప్రార్థిస్తూ, గుడికి పేరిచ్చిన పరిశుద్ధుడు అపొల్లినారే. పైన నీలి వలయంలో తొంభై తొమ్మిది నక్షత్రాలు, రత్నాల సిలువ. సిలువకు అటూ ఇటూ మేఘాల్లో మోషే, ఏలీయా. కింద తల ఎత్తి చూస్తున్న మూడు గొర్రెలు. కొండ మీద ముగ్గురు శిష్యుల ముందు క్రీస్తు వెలుగుగా మారిన కథ ఇది. శిష్యులు గొర్రెలయ్యారు, గురువు సిలువ అయ్యాడు. సిలువ కలిసే చోట గుండీ అంత కనిపించే గుండ్రటి గూటిలో ఒక ముఖం ఉంది, ఫోనులో పెద్దది చేసి చూస్తే గాని తెలియదు. ఆనందవర్ధనుడు ధ్వని అన్నదానికి, అంటే చెప్పకుండానే స్ఫురింపజేయడానికి, చిత్రకళలో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

స్టేషనులో రైలు కోసం ఎదురుచూస్తూ ఈ మాటే స్నేహితురాలితో అన్నాను: థియొడోరా ఎంత గొప్పదైనా అక్కడ అంతా వాచ్యం, కిరీటం కిరీటమే, ముత్యం ముత్యమే, క్లాస్సే పచ్చికలో ఉన్నది వ్యంగ్యార్థం, కాబట్టి ఇదే మిన్న అని. ఆమె ఒప్పుకోలేదు. “మరి ఆ తెర సంగతేమిటే?” అంది. థియొడోరా చిత్రంలో ఎడమ అంచున ఒక సేవకుడు వాకిలి తెర పక్కకు తొలగిస్తుంటాడు. ఇంత బంగారంలో ఆ వాకిలి ఒక్కటే కటిక చీకటి. ముందు చిన్న నీటి ఫౌంటెన్, వెనక ఏముందో చెప్పరు. రాణి నడిచి వెళ్ళవలసింది అటే. సాన్ విటాలే ప్రతిష్ఠ జరిగిన కొన్నాళ్ళకే, 548లో, ఆమె చనిపోయింది. పలుకులు గుచ్చినవాళ్ళకు అది తెలిసే వీలు లేదు, మనకు తెలుసు. ఆ తెలివితో చూస్తే చిత్రానికి కేంద్రం కిరీటం దగ్గర నిలవదు, తెర ఎత్తిన చేతి దగ్గరికి జరిగిపోతుంది. క్లాస్సే మిన్న అన్న నా తీర్పు నాకు ఇప్పటికీ ఉంది గానీ, థియొడోరాది అంతా వాచ్యమే అన్న మాట ఇక అనను.